నెట్‌వర్క్ కార్డు పీకే హక్కు ఎవరిది?

నెల్లూరు తీరాన ఇస్కపల్లి దగ్గర రొయ్యల మేత అమ్మే ఆఫీసు ఒకటి ఉందనుకుందాం. అక్కడి గుమస్తా ముందున్నది పేరుకే కంప్యూటర్. లెక్కలన్నీ నడిచేది హైదరాబాద్‌లోని సర్వర్‌లో, విండోస్ వేసిన వర్చువల్ మెషీన్ మీద. పెన్‌డ్రైవ్ తీద్దామని అతను తెర మూలనున్న గుర్తు నొక్కితే, తీయదగ్గ వస్తువుల జాబితాలో నెట్‌వర్క్ కార్డు కూడా కనబడుతుంది. చెయ్యి జారి దాన్ని నొక్కాడా, తెర అక్కడే నిలిచిపోతుంది. ఆ మెషీన్‌లోకి వెళ్లే దారే ఆ కార్డు మరి. అడ్మిన్ వచ్చి తిరిగి తగిలించేదాకా బిల్లు బయటికి రాదు.

ఇందులో గుమస్తా తప్పేమీ లేదు. మామూలు కంప్యూటర్‌లో నెట్‌వర్క్ కార్డు మదర్‌బోర్డు మీదే ఉంటుంది కాబట్టి విండోస్ దాన్ని ఆ జాబితాలో చూపదు. వర్చువల్ మెషీన్‌లో అసలు కార్డే లేదు. ఉన్నట్టు చూపించేది హైపర్‌వైజర్, అంటే వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్. ఫలానా స్లాట్‌లోది మెషీన్ నడుస్తుండగానే తీయవచ్చని చెప్పేదీ అదే. విండోస్ ఆ మాట నమ్ముతుంది. వీఎంవేర్ హైపర్‌వైజర్‌లో 2009 నాటి ఏడో హార్డ్‌వేర్ వెర్షన్ నుంచీ ఈ సంగతి ఉంది.

విండోస్ రిజిస్ట్రీలో ఒక విలువ మార్చి కార్డును జాబితాలోంచి తప్పించవచ్చు. కానీ రీబూట్ కాగానే అది మళ్లీ మొదటికొస్తుంది. మాట పుట్టిన చోటే దిద్దాలి. వీఎంవేర్‌లో మెషీన్‌ను ఆపి, సెట్టింగుల ఫైల్లో ‘డివైసెస్.హాట్‌ప్లగ్’ను ‘ఫాల్స్’ చేస్తే సరి (హాట్‌ప్లగ్ అంటే మెషీన్ నడుస్తుండగానే పరికరాలు తగిలించడం, తీయడం). అయితే ఆ తర్వాత నడుస్తున్న మెషీన్‌కు కొత్త డిస్క్ తగిలించడమూ కుదరదు. ఈ విషయంలో లినక్స్‌లోని హైపర్‌వైజర్ కేవీఎం పద్ధతే నాకు నచ్చుతుంది. కేవీఎంతో కలిసి మెషీన్‌కు పరికరాలను చూపించేది క్యూఈఎంయూ, ఆ మెషీన్ల సెట్టింగులు చూసుకునేది లిబ్‌వర్ట్. 2020లో వచ్చిన క్యూఈఎంయూ 5.0, లిబ్‌వర్ట్ 6.3.0లతో ఒక్కో పీసీఐ ఎక్స్‌ప్రెస్ పోర్టుకు విడివిడిగా హాట్‌ప్లగ్ ఆపే వీలు కలిగింది. నెట్‌వర్క్ కార్డున్న పోర్టును మూసి, రేపటి డిస్క్ కోసం ఇంకో పోర్టు తెరిచి ఉంచుకోవచ్చు.

ఇక అడ్మినే ఒక పరికరం తీయాలనుకుంటే? శ్రీహరికోటలో రాకెట్‌కు నేల నుంచి కరెంటు, సమాచారం అందించే అంబిలికల్ తీగలుంటాయి. రాకెట్ సొంత బ్యాటరీల మీదికి మారాకే అవి విడిపోతాయి. ఇక్కడా అంతే. పరికరం తీయనా అని హైపర్‌వైజర్ అడుగుతుంది. మెషీన్ లోపలి ఆపరేటింగ్ సిస్టమ్, డిస్క్‌కు రాయాల్సింది రాసేసి, డ్రైవర్‌ను వదిలి, సరేనంటుంది. అప్పుడే పరికరం పోతుంది. లోపలి సిస్టమ్ బిగుసుకుపోయి ఉంటే జవాబే రాదు, పరికరమూ కదలదు. ఆదేశం ఇచ్చినంత మాత్రాన పనైపోయిందనుకోకూడదు; తొలగింది అన్న కబురు క్యూఈఎంయూ నుంచి వచ్చేదాకా ఆగాలి.

పోర్టు మూసినా, విండోస్‌లో అడ్మిన్ హక్కులున్నవాళ్లు డివైస్ మేనేజర్‌లోకి వెళ్లి కార్డును డిసేబుల్ చేయగలరు. ఆ హక్కులు గుమస్తా ఖాతాకు ఇవ్వకుండా ఉండటం వేరే పని, అదీ చేయాలి. లిబ్‌వర్ట్‌లో సెట్టింగు మార్చాక విండోస్ లోపలి నుంచి రీస్టార్ట్ చేస్తే చాలదు. పాత సెట్టింగుతో మొదలైన క్యూఈఎంయూయే కొనసాగుతుంది. మెషీన్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి, మళ్లీ హైపర్‌వైజర్ నుంచి స్టార్ట్ చేసి, తెర మూలనున్న జాబితాలో కార్డు పేరు పోయిందో లేదో చూసుకోవాలి.