నల్లరేగడిలో నార్‌ఫోకు వృక్షము

గుంటూరు జిల్లా ప్రత్తిపాడు ప్రాంతము ప్రత్తికిని మిరపకును పేరుగన్నది. అచ్చటి నల్లరేగడిలో సముద్రద్వీపమునకు చెందిన సతతహరిత వృక్షమును పెంచుట సులభము కాదు.

నార్‌ఫోకు పైను అనబడు ఈ చెట్టునకు జన్మస్థానము ఆస్ట్రేలియాకు తూర్పున నున్న నార్‌ఫోకు ద్వీపము. దాని వైశాల్యము సుమారు 35 చదరపు కిలోమీటర్లు మాత్రమే. 1774లో కెప్టెన్ కుక్ అచ్చటి నిటారైన మ్రాకులను జూచి, అవి ఓడల తెరచాప కంబములకు పనికివచ్చునని తలంచెను. పిమ్మట ఆ కలప అందులకు తగదని తేలినది. పేరు పైనే గాని, ఇది అరకేరియా కుటుంబమునకు చెందినది.

రేగడి వానకాలమున నీటిని పట్టియుంచును; వేసవిలో బీటలు వారును. రెండును లేతవేళ్లకు హానికరములే. కావున పెద్ద గుంట త్రవ్వి, ఎఱ్ఱమట్టి, ఇసుక, బాగుగా చివికిన పశువులయెరువు కలిపి నింపి, మొదటిచోటు కొంత మెరకచేయవలెను. మే నెల యెండలకు తాటిమట్టల పందిరి తప్పదు. స్వస్థలమున 50 మీటర్లకు మించి పెరుగు చెట్టు గనుక ఇంటిగోడ ప్రక్కను నాటరాదు.

అన్నిటికంటె ముఖ్యముగా కాపాడవలసినది నడినెత్తి చిగురు. మేక దానిని కొరికినచో అంతస్తులుగా పెరుగు ఆ సొగసు చెడును. ప్రక్కకొమ్మను కోసి నాటుటయు వ్యర్థమే. వేరు తన్నినను అది నిటారుగా లేవక ప్రక్కకే సాగును. విత్తనములనైనను ఆలస్యము చేయక విత్తవలెను.

ఈ పేరుతో అమ్మబడు మొక్కలలో పెక్కు దీని దాయాదియైన కుక్ పైను మొక్కలు. 2017లో ప్రకటింపబడిన పరిశీలన ననుసరించి, అవి అధికభాగము భూమధ్యరేఖ వైపునకే వంగును. ప్రత్తిపాటి తోటలో చెట్టు దక్షిణమునకు ఒరగినచో యజమాని గుంజపాతి లాగి కట్టనక్కరలేదు.