సర్కారు ఇల్లు... ఊరంతా ఆడిటర్లే!

మీకు తెలుసా? దేశంలోకెల్లా పెద్ద సర్కారు ఇల్లు ఒకప్పుడు మన అనంతపురం మనిషికే దక్కింది! ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి గారు 1977లో పోటీయే లేకుండా రాష్ట్రపతి అయ్యారు. ఆయన అధికారిక నివాసం రాష్ట్రపతి భవన్‌లో గదులు అక్షరాలా 340. 'అన్ని గదులకు కరెంటు బిల్లు ఎంతొస్తుందప్పా?' అని ఏ రచ్చకట్టా లెక్కలు తీయలేదు.

మరి ఊరి బయట జగనన్న కాలనీలో పేదల ఇల్లు ఎంతో తెలుసా? అదీ 340! కాకపోతే గదులు కాదు, చదరపు అడుగులు. ఇక్కడ మాత్రం కూలర్ కొన్నా ఊళ్లో వార్తే.

'ఇల్లేమో సర్కారుది, గేటు మాత్రం స్టీలుది.' 'రేషన్ బియ్యం తింటారు, చేతిలో టచ్ ఫోను.' 'బిల్లు పడిందా, ఇక వైన్ షాపుకే.' ఈ మూడు మాటలూ వినకుండా అనంతపురంలో ఒక టీ తాగి లేవగలిగితే మీది రికార్డే! సరే, ఆ లెక్కలేవో మనమూ చూద్దాం.

పట్టణాల్లో పేదలకిచ్చిన స్థలం ఒక సెంటు. అంటే 435.6 చదరపు అడుగులు. బ్యాడ్మింటన్ డబుల్స్ కోర్టు 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు కదా? అందులో సగం 440. మీకు తెలుసా, నెట్‌కు ఒకవైపు డబుల్స్ జోడీ నిలబడి ఆడే చోటు ఈ స్థలం కన్నా నాలుగు చదరపు అడుగులు ఎక్కువే! ఇందులోనే వంట, పడక, స్నానాలగది, అత్తాకోడళ్ల మధ్య దూరం... అన్నీ సర్దుకోవాలి.

2020 డిసెంబరు 25న మొదలుపెట్టి రాష్ట్రంలో పంచిన ఇళ్ల పట్టాలు 30 లక్షలకు పైనే. వియన్నా మహానగరంలో మనుషులందర్నీ లెక్కేసినా 20 లక్షలు. అంటే వియన్నాలో తలా ఒక స్థలం ఇచ్చినా మన దగ్గర ఇంకా లక్షల పట్టాలు మిగులుతాయి! ఆ పట్టాలన్నీ ఆడవాళ్ల పేరుమీదే. తాగొచ్చి 'ఇది నా ఇల్లు' అని అరిచే మగవాళ్లకు కాగితం ఎదురు తిరిగింది.

ఆ ఉపాయం కొత్తదేమీ కాదు. బార్సెలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్‌ను 1968లో దేశం వదిలి పొమ్మన్నారు. 1969లో తిరిగొచ్చి అనంతపురంలో ఆర్‌డీటీ అనే సేవాసంస్థ పెట్టారు. ఆ సంస్థ పేదలకు కట్టించిన వేల ఇళ్లు కూడా ఇంటి ఇల్లాలి పేరునే! డబ్బు స్పెయిన్ దాతలది, ఇల్లు కరువు సీమలో, సంతకం అమ్మది. బార్సెలోనా అంటే ఫుట్‌బాల్ ఒక్కటే అనుకున్నారా?

ఇప్పుడు అసలు లెక్క. జగనన్న ఇంటికి సర్కారు ఇచ్చింది 1.80 లక్షలు. 340తో భాగిస్తే చదరపు అడుగుకు 530 రూపాయలైనా రావు. ఆ ధరకు ఇల్లు కట్టిస్తానన్న మేస్త్రి ఎవరైనా ఉంటే ముందు మాకు చెప్పండి, తర్వాత గిన్నిస్ వాళ్లకు చెబుదాం! మిగతా డబ్బు ఎక్కడిది? కొంత మెడలో గొలుసుది, కొంత పొదుపు సంఘానిది, కొంత వడ్డీ వ్యాపారిది. స్టీలు గేటు వాళ్ల సొంత అప్పు. చూసేవాళ్లకు మాత్రం అదీ సర్కారు ఖాతాలోనే కనబడుతుంది.

అన్నట్టు, మీకు తెలుసా? బ్యాంకు లోనుతో ఇల్లు కట్టుకున్న ఉద్యోగికి పాత పన్ను విధానంలో ఏడాదికి 2 లక్షల వడ్డీ దాకా మినహాయింపు ఉంది. 30 శాతం శ్లాబులో ఉంటే, సెస్సు పక్కన పెట్టినా ఏటా 60 వేలు మిగులు. మూడేళ్లకు? సరిగ్గా 1.80 లక్షలు! పేదవాడికి జన్మకొక్కసారి వచ్చేది, ఈయనకు మూడేళ్లకోసారి. కానీ ఆయన ఇంటి గేటు దేనితో చేయించాడో ఎవరికీ పట్టదు. (ఉద్యోగ మిత్రులారా, కోపమొద్దు. మినహాయింపు మీ హక్కే, లెక్క మాత్రం మేం వేశాం!)

వడ్డీ అంటే గుర్తొచ్చింది. మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు నూటికి మూడు, ఏడాదికి 36 శాతం. బ్యాంకులో ఇంటి లోను దీనిలో మూడోవంతు కూడా ఉండదు. డబ్బు లేనివాడికే డబ్బు ఖరీదు ఎక్కువ! ఇదెక్కడి బేరమో శనగకాయల మండీలో అడిగినా చెప్పలేరు.

ఇక ఫ్రిజ్ సంగతి వినండి. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ పథకంలో ఎవరికి ఇల్లు ఇవ్వకూడదో 13 నిబంధనలు రాసుకున్నారు. ఇంట్లో ఫ్రిజ్ ఉందా? ఇల్లు లేదు! మోటారు సైకిల్ ఉందా? ఇల్లు లేదు! ల్యాండ్‌లైన్ ఫోన్ ఉందా? ఇల్లు లేదు! ల్యాండ్‌లైనా? ఈ రోజుల్లో అది ఉన్నవాళ్లను చూడాలంటే మ్యూజియానికి పోవాలి. చేపల పడవ ఉన్నా ఇల్లు లేదన్నారు. అనంతపురం వాళ్లు ఆ ఒక్క గండం నుంచి మాత్రం సునాయాసంగా బయటపడ్డారు, చెరువులోనే నీళ్లుండవు కదా!

మే నెలలో 40 డిగ్రీలు దాటే చోట పాలు విరక్కుండా సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్ కొన్నవాడు ఆ దెబ్బతో ధనవంతుడైపోయాడు. ఇల్లు కావాలంటే ఫ్రిజ్ వద్దు, ఫ్రిజ్ పెట్టుకోవాలంటే ఇల్లు కావాలి! ఈ చిక్కుముడి 2024లో గానీ వీడలేదు. ఫ్రిజ్, బైకు, ల్యాండ్‌లైన్, పడవ జాబితాలోంచి పోయాయి. నెలాదాయం పరిమితి 10 వేల నుంచి 15 వేలకు పెరిగింది.

'చేతిలో టచ్ ఫోను' మాట కూడా తేల్చేద్దాం. ఇంటి బిల్లు రావాలంటే బేస్‌మెంటు దగ్గరొకసారి, స్లాబు దగ్గరొకసారి అధికారులు యాప్‌లో ఫొటో ఎక్కించాలి. ఈకేవైసీకి ఓటీపీ రావాలి. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనిచోట హాజరు కూడా యాప్‌లోనే, మేటు ఫొటో తీస్తేనే లెక్క. ఫోను కొంటే దుబారా, కొనకపోతే ఓటీపీ రాదు. ఏం చేయమంటారప్పా?

ఉపాధి హామీ ఎక్కడ పుట్టిందో మీకు తెలుసా? ఢిల్లీలో కాదు, మన నార్పల మండలం బండ్లపల్లిలో! 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్‌సింగ్, సోనియాగాంధీ వచ్చి మొదలుపెట్టారు. 'కూలోళ్లు సోమరులైపోతారు' అన్న మాట మాత్రం ఎక్కడ పుట్టిందో ఎవరూ చెప్పలేరు. బహుశా ఏసీ గదిలో.

తాగుడు దగ్గరికి వద్దాం, ఎదురుచూస్తున్నారని తెలుసు! 2022-23 కేంద్ర గృహ వినియోగ సర్వే ప్రకారం దేశంలో పల్లె కుటుంబం నూరు రూపాయలు ఖర్చు పెడితే పాన్, పొగాకు, మత్తు పదార్థాలన్నిటికీ కలిపి పోయేది 3.79. గుడ్లు, చేపలు, మాంసానికి 4.91. పానీయాలు, తయారు తిండికి 9.62. అంటే సారా కన్నా సమోసా పెద్ద శత్రువు! తాగిన లెక్క ఎవరు నిజం చెబుతారంటారా? అదీ నిజమే. కానీ పట్నం బాబుగారు మాత్రం ఏ సర్వేలో పెగ్గులు లెక్కపెట్టి చెప్పారు?

సరే, మాట వద్దు, పరీక్ష చూద్దాం. చేతికి డబ్బిస్తే పేదలు తాగేస్తారా అని ప్రపంచ బ్యాంకు పరిశోధకులు ఇద్దరు 2014లో దేశదేశాల అధ్యయనాలు 19 ముందేసుకుని వెతికారు. మద్యం, పొగాకు మీద ఖర్చు పెరగలేదు. సగటున కాస్త తగ్గింది కూడా! వైన్ షాపుల వాళ్లు ఈ పేరా చదవకుండా చూసుకోండి.

ఇంకో తమాషా. 2019 అక్టోబరు నుంచి ఐదేళ్లపాటు రాష్ట్రంలో మద్యం దుకాణాలు నడిపింది ఎవరు? సాక్షాత్తూ సర్కారే! ఇంకో సర్కారు వచ్చి, 2024 అక్టోబరులో షాపులు ప్రైవేటుకిచ్చి, 99 రూపాయలకే క్వార్టర్ అంది. ఇల్లిచ్చేదీ వాళ్లే, తాగించేదీ వాళ్లే, తాగితే తప్పు మాత్రం కాలనీ వాళ్లది! 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం పెట్టిన ఎన్టీఆర్ అప్పట్లో మన హిందూపురం ఎమ్మెల్యేనే. నిషేధం మాత్రం 1997లో పోయింది. రెండున్నరేళ్లు కూడా నిలవలేదు, కొన్ని కాలనీ గోడలు అంతకన్నా గట్టివి.

'పండగలకు తగలేస్తారు' అనేది నాలుగో మాట. ఇది కొంత నిజమే, ఒప్పుకుందాం. నోబెల్ పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో రాజస్థాన్ ఉదయ్‌పూర్‌లో లెక్క తీస్తే, మనిషికి రోజుకో డాలరు కూడా లేని సాధారణ కుటుంబం ఏడాది ఖర్చులో 10 శాతం పండగలకు పెడుతోంది. నమ్మకం కుదరలేదా? మొహర్రంకు నార్పల మండలం గూగూడు వెళ్లండి. కుళ్లాయిస్వామి దగ్గర హిందువు, ముస్లిం అని చూడకుండా ఒకటే జనం. వానలు పడని ఊళ్లో ఏడాదికో రోజు సంతోషం కురిస్తే గొడుగు పట్టమంటారా?

టీవీ ఎందుకంటారా? పల్లెల్లోకి కేబుల్ టీవీ వచ్చాక కొడుకే కావాలనే పట్టు సడలిందని, భార్యను కొట్టడం తప్పేం కాదనే ఆడవాళ్లు తగ్గారని 2009లో అచ్చయిన ఒక అధ్యయనం తేల్చింది. అత్తాకోడళ్ల సీరియళ్లు ఇంత పని చేశాయా! పొరుగున తమిళనాడులో 2006 నుంచి సర్కారే ఇంటింటికీ కలర్ టీవీ పంచింది. అక్కడ టీవీ సంక్షేమం, ఇక్కడ దుబారా. సరిహద్దు దాటితే రిమోట్ పనిచేయదేమో.

'ఇళ్లిచ్చినా చేరరప్పా, ఖాళీగా పెడతారు.' మీకు తెలుసా? అహ్మదాబాద్‌లో 1987లో లాటరీ తీసి బీడీలు, అగరుబత్తీలు చుట్టే ఆడవాళ్లకు ఇళ్లిచ్చారు. 14 ఏళ్ల తర్వాత చూస్తే 34 శాతం మంది అసలు చేరలేదు, ఇంకో 32 శాతం చేరి ఖాళీ చేశారు. బద్ధకమా? కాదు. ఇల్లు ఊరికి 12 కిలోమీటర్ల అవతల! చుట్టాలు లేరు, చేబదులు ఇచ్చే పొరుగు లేదు. ఊరికి దూరంగా, బస్సు లేని గుట్టల పక్కన వేసిన మన కాలనీలను తలచుకున్నారా? మేం ఏ ఊరి పేరూ చెప్పలేదు సుమా!

పట్టణ పేదలకు కట్టిన టిడ్కో ఫ్లాట్ల సంగతి ఇంకా వింత. 300 చదరపు అడుగుల ఫ్లాట్ ఒక్క రూపాయికే ఇచ్చారు! టీ కన్నా చవక. మరి 365, 430 అడుగులవి? వాటికి బ్యాంకు లోను. చాలా పట్టణాల్లో తాళాలు చేతికి రాకముందే వాయిదా కట్టమని నోటీసులొచ్చాయి. చూడని ఇంటికి వాయిదా, పైగా ఉంటున్న ఇంటికి అద్దె! దుబారా అంటే ఇదీ. చేసింది మాత్రం వాళ్లు కాదు.

'మరుగుదొడ్డి కట్టిస్తే కట్టెలు పెట్టుకున్నారు' అని మన ఆఫీసర్లు నవ్వుతారు కదా? ఇంగ్లండ్‌లోనూ ఇదే జోకు! మున్సిపాలిటీ ఇళ్లలో స్నానాల తొట్టి పెట్టిస్తే పేదలు అందులో బొగ్గులు పోసుకున్నారని అక్కడి పెద్దమనుషులు దశాబ్దాల పాటు చెప్పుకున్నారు. బొగ్గు అక్కడ, కట్టెలు ఇక్కడ, నవ్వు ఒకటే. అక్కడి తొట్టికి నీళ్లైనా వచ్చేవి. బిందె నీళ్లు కొనుక్కునే చోట దొడ్డిలో కట్టెలు కాక ఇంకేం పెడతారు?

అదే బ్రిటన్‌లో 2014లో ఒక టీవీ చానల్ బర్మింగ్‌హామ్‌లోని ఓ వీధిలో కెమెరాలు పెట్టి, సర్కారు సాయంతో బతికేవాళ్ల మీద ధారావాహికే తీసింది. ఊరి రచ్చకట్ట అక్కడ శాటిలైట్ ఎక్కింది! 2013 ఏప్రిల్ నుంచి ఇంకో విడ్డూరం. సర్కారు ఇంట్లో ఒక పడకగది ఎక్కువుంటే అద్దె సాయంలో 14 శాతం కోత, రెండు ఎక్కువైతే 25 శాతం. మన కాలనీల్లో 'ఎక్కువైన పడకగది' అంటే దాన్ని చూడ్డానికి టికెట్ పెట్టొచ్చు.

రికార్డు కావాలా? వియన్నాలో 1930లో ప్రారంభమైన కార్ల్ మార్క్స్ హాఫ్ అనే మున్సిపల్ భవనం పొడవు కిలోమీటరు దాటుతుంది! మొదట్లో ఇళ్లు 1,382. ఈ చివర అప్పు తీసుకుంటే ఆ చివరకు వార్త చేరేసరికి తీర్చేయొచ్చు.

ఆఖరి ప్రశ్న. ప్రపంచంలో సర్కారు ఇళ్లలో ఉండేవాళ్ల మీద చాడీలు చెప్పడం అన్నిటికన్నా కష్టమైన చోటు ఏది? సింగపూర్! అక్కడ పదిమందిలో దాదాపు ఎనిమిది మందిది సర్కారు కట్టిన ఫ్లాటే. కార్లున్నవాళ్లు, ఏసీలున్నవాళ్లు, స్టీలు గేట్లున్నవాళ్లు... అందరూ అందులోనే. ఎవరినైనా వేలెత్తి చూపాలంటే, పాపం, మిగిలిన ఆ ఇద్దరినీ వెతుక్కోవాలి!