నోట్లో తెల్లపూతా? అశ్రద్ధ చేయకండి!

పసిపాప నాలుక తెల్లగా కనిపిస్తే పాల మరకలే అనుకుంటాం. తడిగుడ్డతో మెల్లగా తుడిచి చూడండి. పాలయితే పోతాయి. అంటుకుపోయి, ఊడినచోట ఎర్రగా కనిపిస్తే కాండిడా అనే ఫంగస్ వల్ల వచ్చిన పూత కావచ్చు.

షుగర్ అదుపులో లేనివారికీ, స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చేవారికీ, యాంటీబయాటిక్స్ వాడినవారికీ, కట్టుడుపళ్లు రాత్రిళ్లు కూడా తీయనివారికీ ఇది వస్తుంది. పెద్దవాళ్లకు కారణం తెలియకుండా వస్తే షుగర్ పరీక్ష చేయించండి.

మా మధురానగర్‌లో మందుల షాపులకు కొదవలేదు. అయినా అడిగి కొనుక్కోకుండా డాక్టరుకే చూపించండి. చాలావరకు చూసే చెప్పేస్తారు. అనుమానముంటే పూతను కాస్త గీకి మైక్రోస్కోపులో పరీక్షిస్తారు. క్లోట్రిమజోల్ పూతమందో, నిస్టాటిన్ చుక్కలో రాస్తారు. ముదిరితే ఫ్లూకొనజోల్ మాత్రలు ఇస్తారు. వేరే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. తగ్గింది కదా అని మధ్యలో మానకండి. పాలిచ్చే తల్లికీ మందు అవసరం కావచ్చు. ఏడాదిలోపు పిల్లలకు తేనె నాకించొద్దు, బోరాక్స్ గ్లిజరిన్ అసలు రాయొద్దు.

ఇన్‌హేలర్ పీల్చాక నోరు పుక్కిలించాలి. కట్టుడుపళ్లు రాత్రి తీసి, కడిగి, నీళ్లలో ఉంచాలి.

2021లో కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిలో వైద్యం చేసిన బ్లాక్ ఫంగస్ వేరు. అంగిలి నల్లబడినా, పళ్లు కదిలినా, ముఖం ఒకవైపు వాచినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి.