పాలిష్ అరగదీస్తుంది, వ్యాక్స్ కప్పుతుంది

విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ రాణిగంజ్‌లోనో కార్ల సామాన్ల షాపుకి వెళ్లి "కారు మెరవడానికి ఏదైనా ఇవ్వండి" అంటే షాపతను అరలోంచి నాలుగైదు డబ్బాలు తీసి ముందు పెడతాడు. ఒకదాని మీద పాలిష్ అనీ, ఇంకోదాని మీద వ్యాక్స్ అనీ, మూడోదాని మీద వ్యాక్స్ పాలిష్ అనీ, పక్కనే సిరామిక్ స్ప్రే అనీ రాసి ఉంటుంది. అన్నీ మెరుపు కోసమే కదా అని ధర చూసి ఏదో ఒకటి పట్టుకొచ్చేవాళ్లే ఎక్కువ. నిజానికి పాలిష్, వ్యాక్స్ చేసే పనులు ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. పాలిష్ కారు పెయింట్‌ని కొంచెం అరగదీస్తుంది. వ్యాక్స్ ఆ పెయింట్ మీద ఒక పొర కప్పుతుంది. ఈ తేడా తెలియక నెలకోసారి పాలిష్ పట్టించేవాళ్లు చేజేతులా పెయింట్ ఆయుష్షు తగ్గిస్తున్నారు.

ఎలాగో అర్థం కావాలంటే ముందు బానెట్ మీద ఏముందో చూడాలి. స్టీలు రేకు మీద తుప్పు పట్టనివ్వని పూత ఒకటి, దాని మీద ప్రైమర్, ఆపైన మనం ఎంచుకున్న రంగు, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోట్. ఈ పొరలన్నీ కలిపినా మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లే. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. అందులో క్లియర్ కోట్ వాటా మామూలుగా 35 నుంచి 50 మైక్రాన్లు. అంటే మన తలవెంట్రుకంత మందం కూడా ఉండదు. కారు నిగనిగంతా ఈ పొరదే. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే రసాయనాలు కూడా ఇందులోనే ఉంటాయి. ఫ్యాక్టరీలో ఒకసారి వేసిన ఈ పొర మళ్లీ పెరిగేది కాదు. ఏళ్ల తరబడి ఆరుబయట నిలబెట్టిన కార్ల టాపు మీద తెల్లగా పొలుసులు లేచి, గోటితో గీకితే ఊడొస్తుంటాయి చూడండి, అది క్లియర్ కోట్ చచ్చిపోయిన గుర్తు. అంతదాకా వచ్చాక ఏ డబ్బా కొన్నా లాభం లేదు, మళ్లీ పెయింట్ వేయించాల్సిందే.

పాలిష్‌లో ఉండేది కంటికి ఆనని అతి సన్నటి పొడి, ఎక్కువగా అల్యూమినియం ఆక్సైడ్. నూనెలో, నీళ్లలో కలిసి ఉంటుంది కాబట్టి వేలికి మెత్తగా క్రీములా తగులుతుంది. దాన్ని పెయింట్ మీద రుద్దితే గీతల అంచులు అరిగి, పైభాగమంతా ఒకే మట్టానికి వస్తుంది. వెలుతురు చెల్లాచెదురు కాకుండా తిన్నగా తిరిగొస్తుంది, దాన్నే మనం మెరుపు అంటాం. కత్తిపీటకి సాన పట్టించినట్టే ఇదీ. పట్టించిన ప్రతిసారీ పదును వస్తుంది, పట్టించిన ప్రతిసారీ కొంత ఇనుము పోతుంది. సన్నరకం పాలిష్‌తో ఒక విడతకి పోయేది ఒకటి రెండు మైక్రాన్లు, చేత్తో రుద్దితే ఇంకా తక్కువ. రబ్బింగ్ కాంపౌండ్ అంటే అందులో పొడి బరకగా ఉంటుంది. దాన్ని మెషీన్‌తో పట్టిస్తే అంతకు కొన్ని రెట్లు పోతుంది. డోర్ల అంచుల దగ్గర, బానెట్ మీద గీసినట్టుండే మడతల దగ్గర పొర ముందే పల్చగా ఉంటుంది కాబట్టి, పని తెలిసినవాళ్లు మెషీన్ ఆన్ చేసే ముందు అక్కడ టేపు అంటిస్తారు. సర్వీస్ సెంటర్‌లో బిల్లుతో పాటు "రబ్బింగ్ పాలిషింగ్ కూడా చేసేయమంటారా సార్" అని ప్రతిసారీ అడుగుతారు. పెయింట్‌కి అవసరం ఉందో లేదో చూసుకోకుండా సరేనని తల ఊపకండి.

అవసరం ఉందో లేదో కనుక్కోవడం ఇంట్లోనే అయ్యే పని. చీకటి పడ్డాక పార్కింగ్‌లో ఫోన్ టార్చ్ వెలిగించి డోర్‌కి దగ్గరగా పట్టండి. ఆ వెలుగు చుట్టూ సన్నటి గీతలు వలయాలు వలయాలుగా కనిపిస్తాయి. వీటిని స్విర్ల్ మార్కులంటారు. నల్ల కారు మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, తెల్ల కారు మీద, సిల్వర్ కారు మీద దాక్కుంటాయి. వీటిని పాలిష్ తీయగలదు. విడిగా కనిపించే పెద్ద గీత మీద గోరు అడ్డంగా పోనివ్వండి. గోరు తట్టుకోకుండా జారిపోతే పాలిష్‌తో పోయే అవకాశం ఉంది. తట్టుకుంటే ఆ గీత లోతుగా దిగిందని అర్థం. దాన్ని పూర్తిగా తీయాలని రుద్దుకుంటూ పోతే చుట్టూ ఉన్న క్లియర్ కోట్ కూడా పోతుంది. అలాంటి గీతతో రాజీపడటమే మంచిది, లేదంటే టచప్ పెయింట్ పెట్టించుకోవాలి.

అసలు ఈ వలయాలు ఎక్కడివి? రోజూ తుడవడం వల్లే చాలామటుకు వస్తాయి. అపార్ట్‌మెంట్లలో తెల్లవారుజామున ఒకే బకెట్ నీళ్లతో, ఒకే గుడ్డతో వరసగా పది కార్లు తుడుస్తారు. మూడో కారుకి వచ్చేసరికి ఆ నీళ్లలో ఇసుక చేరిపోతుంది. ఇక ఆ గుడ్డ ప్రతి డోర్ మీదా గీతలు పెట్టుకుంటూ పోతుంది. తుడిచే అబ్బాయిని అని లాభం లేదు, మనం అతనికి ఇచ్చింది ఆ గుడ్డే, ఆ బకెట్టే. "రోజూ తుడవొద్దు బాబూ, ఆదివారం పైపుతో దుమ్మంతా కడిగాకే గుడ్డ పెట్టు" అని చెప్పి, రెండు మైక్రోఫైబర్ బట్టలు కొనిస్తే కారుకి ఏ డబ్బా చేయనంత మేలు జరుగుతుంది. దుమ్ము పట్టిన కారుని పొడిగుడ్డతో దులపడం, దుమ్ము మీదే కవర్ కప్పడం కూడా ఇలాంటివే. గాలికి కవర్ కదిలినప్పుడల్లా దాని కింద ఇసుక రాపిడి పెడుతూనే ఉంటుంది.

ఇక వ్యాక్స్. ఇది గీతలు తీయదు. పెయింట్‌కీ బయటి నీళ్లకీ, దుమ్ముకీ, పక్షుల రెట్టకీ మధ్య తెరలా నిలబడి, దెబ్బ ముందు తను తింటుంది. మంచి పేరున్న వ్యాక్స్ కార్నౌబా. ఈశాన్య బ్రెజిల్‌లో, సియారా, పియావూయి రాష్ట్రాల్లో పెరిగే ఒక రకం తాటిజాతి చెట్టు ఆకుల మీద ఇది తయారవుతుంది. కరవు నేలలో ఒంట్లో తేమ ఆవిరైపోకుండా చెట్టు తన ఆకులకి తనే పూసుకునే మైనం ఇది. ఆకులు కోసి ఎండబెట్టి, దులిపి తీస్తారు. సహజంగా దొరికే మైనాల్లో ఇంత గట్టిది లేదంటారు. 82 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ కరగదు. మందుల షాపులో కొనే కొన్ని మాత్రల మీద నున్నటి మెరుపు కూడా దీనిదే. అచ్చమైన కార్నౌబా రాయిలా పెళుసుగా ఉంటుంది, దాన్ని కారుకి పూయడం కుదరదు. అందుకే డబ్బాలో నూనెలు, సాల్వెంట్లు, మెత్తటి మైనాలు కలుపుతారు. డబ్బా మీద 100 శాతం అన్న అంకె కనిపిస్తే, అది లోపల వాడిన కార్నౌబా ఎంత అచ్చమైనదో చెప్పే మాట. డబ్బా నిండా అదే ఉందని కాదు.

కార్నౌబా ఇచ్చే మెరుపులో ఒక లోతు ఉంటుంది. ముదురు ఎరుపు, నలుపు, నీలం కార్ల మీద అది నిజంగా చూడముచ్చటగా ఉంటుంది. కానీ మన ఎండలకి నిలవదు. మే నెల మధ్యాహ్నం నల్ల బానెట్ 70 డిగ్రీల దాకా వేడెక్కగలదు. అచ్చమైన కార్నౌబా ఆ వేడికి కరగకపోవచ్చు గానీ, దానితో కలిపిన మెత్తటి మైనాలు, నూనెలు తట్టుకోలేవు. కొన్ని వారాలు, బాగా నీడలో ఉంచే కారైతే రెండు నెలలు, అంతవరకే దాని బతుకు.

ఇక్కడే సింథటిక్ సీలెంట్‌కి నా ఓటు. ఇది ఫ్యాక్టరీలో తయారైన పాలిమర్. పెయింట్‌ని పట్టుకుని నాలుగు నుంచి ఆరు నెలలు ఉంటుంది. కార్నౌబా అంత లోతైన మెరుపు ఇవ్వదు, కొంచెం గాజు మెరుపులా ఉంటుంది. రోజూ ఆఫీసు ముందు ఎండలో నిలబడే కారుకి, విశాఖ ఉప్పుగాలిలో తిరిగే కారుకి ఇదే తగింది. పూశాక కొన్ని గంటలపాటు తడి తగలకుండా చూడాలి, ఎన్ని గంటలో సీసా మీద ఉంటుంది. పెళ్లికో పండక్కో కార్నౌబా మెరుపు కావాలనిపిస్తే సీలెంట్ ఆరాక దాని మీద పూయొచ్చు. వరస తిరగేస్తే మాత్రం కుదరదు, వ్యాక్స్ జిడ్డు మీద సీలెంట్ పట్టుకోదు.

సిరామిక్ అని పిలిచేవాటిలో ముఖ్యమైంది సిలికా, అంటే ఇసుకలో, గాజులో ఉండే పదార్థమే. నిపుణులు వేసే అసలు కోటింగ్ గట్టిపడి, సరిగా వేస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. స్ప్రే సీసాల్లో వచ్చేది దానికి చాలా పల్చటి చుట్టం. కొన్ని నెలలు పనిచేస్తుంది, పూయడం మాత్రం అన్నిటికన్నా సులువు. అమ్మేవాళ్లు "9హెచ్ గట్టిదనం" అంటారు. అది పెన్సిళ్లతో గీసి చూసే పరీక్షలోని అంకె. వజ్రం గట్టిదనం కొలిచే స్కేలుతో దానికి సంబంధం లేదు. తాళంచెవితో గీస్తే సిరామిక్ వేసిన కారు మీద కూడా గీత పడుతుంది. లారీ వెనక వెళ్తుంటే ఎగిరి తగిలే రాళ్లని ఆపాలంటే అంతకన్నా చాలా మందమైన పాలియురెథేన్ ఫిల్మ్ కావాలి, దాన్నే పీపీఎఫ్ అంటారు. ఇంకో మాట, గీతలున్న పెయింట్ మీద సిరామిక్ కోటింగ్ వేయిస్తే ఆ గీతలు దాని కిందే ఉండిపోతాయి. టెఫ్లాన్ కోటింగ్ అనే పేరు కూడా షోరూముల్లో వినిపిస్తుంది. టెఫ్లాన్ కరగాలంటే సుమారు 327 డిగ్రీల వేడి కావాలి, పెయింట్ వేసిన కారుని అంత వేడి చేసేవాళ్లు ఎవరూ ఉండరు. ఆ పేరుతో పూసేదాన్ని ఒక సీలెంట్‌గా లెక్కేసుకుని, ధర కూడా ఆ లెక్కలోనే బేరమాడండి.

మిగిలింది ఆ మూడో డబ్బా, వ్యాక్స్ పాలిష్. కొన్ని కంపెనీలవి అచ్చంగా వ్యాక్సే, పాలిష్ అన్నది అలవాటుగా వేసిన మాట. కొన్నిటిలో అరగదీసే పొడి, మైనం రెండూ ఉంటాయి. తెలుసుకోవాలంటే సీసా వెనక చూడాలి. గీతలు తొలగిస్తుంది, మాసిన రంగుని తిరిగి తెస్తుంది అని ఉంటే పొడి ఉన్నట్టే అనుకోండి. ఏళ్లుగా పట్టించుకోని పాత కారుకి ఒక పూటలో రెండు పనులూ అవుతాయి కాబట్టి అది పనికొస్తుంది. కొత్త కారుకి నెలనెలా వాడకూడదు. గీతలు మాయమైనట్టు అనిపించడానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. నూనెలు గీతల్లో నిండి వాటిని దాచేస్తాయి, నాలుగు సార్లు కడిగాక మళ్లీ బయటపడతాయి. పాలిష్ నిజంగా పనిచేసిందో లేదో చూడాలంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో అంతే నీళ్లు కలిపి, ఆ చోట తుడిచి, మళ్లీ టార్చ్ పెట్టి చూడాలి.

ఇంట్లో చేసుకునే పని వరస ఇది. నీడలో, బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. పైపుతో దుమ్ము కడిగాక కారు షాంపూ వాడాలి. బట్టల సబ్బు పొడి, గిన్నెల లిక్విడ్ అంతకుముందు పూసిన వ్యాక్స్‌ని కూడా ఊడ్చేస్తాయి. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకటి షాంపూకి, ఇంకోటి గుడ్డ జాడించడానికి. బోరు నీళ్లైతే ఎండలో ఆరనివ్వకుండా వెంటనే తుడిచేయాలి, లేకపోతే సున్నం మరకలు గుండ్రంగా మిగులుతాయి. ఆరాక చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని పెయింట్ మీద నిమరండి. ఉత్త చేతికి నున్నగా అనిపించినది కవర్ లోంచి గరగరమంటుంది. అది పెయింట్‌లో దిగిన ధూళి, ఇనప రజను. దాన్ని క్లే బార్ అనే మెత్తటి బంకముద్దతో, బాగా తడి చేస్తూ తీయాలి. క్లే ముద్ద కింద పడితే ఇసుక అంటుకుంటుంది, ఇక దాన్ని పారేయడమే.

తర్వాత అవసరమైతేనే పాలిష్, అది కూడా ముందు ఒక జానెడు చోట వేసి ఫలితం చూసుకుని. చివరికి సీలెంట్ గానీ వ్యాక్స్ గానీ. ఎక్కువ పూస్తే ఎక్కువ రక్షణ అనుకోకండి, మందంగా పూసింది తుడవలేక చేతులు నొప్పెట్టడం తప్ప ఒరిగేదేమీ లేదు. బఠానీ గింజంత తీసి, ఒక డోర్ మొత్తానికి సాగేలా పల్చగా రాయాలి. కాసేపటికి తెల్లగా మసకబారుతుంది. అప్పుడు వేలితో ఒక గీత గీయండి. వేలు పోయిన చోట శుభ్రంగా మెరిస్తే తుడవొచ్చు, మరక సాగితే ఇంకా ఆగాలి. మెకానిక్ షెడ్డుల్లో వాడే బనియన్ వేస్టు దీనికి పనికిరాదు. నల్ల ప్లాస్టిక్ భాగాలకి వ్యాక్స్ తగిలితే తెల్ల మరకలు పడి ఒక పట్టాన పోవు, ముందే టేపు వేసుకోండి.

నా లెక్కలో, ఎండలు ముదరకముందు ఒకసారి, దసరా దగ్గర్లో ఒకసారి సీలెంట్ వేస్తే ఏడాది గడుస్తుంది. పాలిష్ టార్చ్ చెప్పినప్పుడే. దసరా వాహన పూజలో బానెట్ మీద పెట్టిన పసుపు, కుంకుమ ఆ సాయంత్రమే తడిబట్టతో తీసేయండి. ఎండిపోయాక పొడిగా రుద్దితే ఆ పొడే గీతలు పెడుతుంది. పక్షి రెట్ట పడితే తడి గుడ్డ దాని మీద కొన్ని నిమిషాలు ఉంచి, రుద్దకుండా ఎత్తేయాలి. ఎండలో వదిలేస్తే దానిలోని ఆమ్లం వ్యాక్స్‌ని దాటి పెయింట్‌లోకి దిగుతుంది.

యాక్సిడెంట్ తర్వాత కొత్తగా పెయింట్ వేయించిన డోర్‌కి వెంటనే వ్యాక్స్ వేయకూడదు. లోపలి సాల్వెంట్లు ఆవిరవడానికి వ్యవధి కావాలి, ఎన్ని రోజులో పెయింటర్‌ని అడగండి. మ్యాట్ రంగు కార్లకి ఈ పాలిష్‌లు, వ్యాక్స్‌లు ఏవీ తగలనివ్వకూడదు, రుద్దిన చోట మెరుపు మచ్చలు పడతాయి, వాటిని వెనక్కి తీసుకురాలేం. ఎవరి ఇంట్లోనైనా పాత అంబాసిడరో పద్మినీయో ఉంటే, పాలిష్ రుద్దిన గుడ్డకి కారు రంగే అంటుకుంటుంది. కంగారు పడక్కర్లేదు, ఆ కాలపు పెయింట్‌కి చాలామటుకు పైన క్లియర్ కోట్ ఉండదు, అరిగేది రంగే. అలాంటి కారుకి ఇంకా సన్నరకం పాలిష్, ఇంకా అరుదుగా, చేత్తోనే వాడండి.