పింఛను సరిపోతుంది... మాట సరిపోతుందా?

విశ్రాంత జీవితానికి స్పానిష్ దేశాల వైపు అమెరికన్ల చూపు

ఉద్యోగం అయిపోయింది. నెలనెలా వచ్చే పింఛనులో ఇంటి అద్దె, బీమా, మందులు పోను మిగిలేది అంతంతమాత్రం. అదే డబ్బుతో మెక్సికోకో, పనామాకో వెళ్తే దర్జాగా బతకొచ్చు కదా! అమెరికాలో చాలామంది పెద్దవాళ్ల ఇళ్లలో నడిచే లెక్క ఇది. ఇంట్లో ఒక మాట, బయట ఒక మాటతో తరాలుగా కాపురం చేస్తున్న బళ్లారి, హోసూరు, బరంపురం తెలుగువాళ్లకు మాత్రం ఇందులో ఇంకో లెక్క కూడా కనిపిస్తుంది.

పిలిచి పీట వేస్తున్నారు

మెక్సికోలో చపాలా సరస్సు ఒడ్డున ఉన్న అహిహిక్ ఇలాంటి వాళ్లకు పాత చిరునామా. గ్వాదలహారా నగరానికి సుమారు 50 కి.మీ. దూరం. సముద్రమట్టానికి 1,500 మీటర్ల ఎత్తున ఉండటంతో ఎండా, చలీ రెండూ ఓర్చుకునేలా ఉంటాయి. 1955లోనే ఇక్కడి విదేశీయులు లేక్ చపాలా సొసైటీ పేరిట సంఘం పెట్టుకున్నారు. ఇంగ్లిష్ పుస్తకాలతో గ్రంథాలయమూ నడుపుతున్నారు.

పనామా మరో అడుగు ముందుకేసింది. నెలకు కనీసం వెయ్యి డాలర్లు జీవితాంతం వచ్చే పింఛను చూపిస్తే చాలు, నివాస అనుమతి ఇస్తుంది. 1987 నాటి చట్టంతో మొదలైన రాయితీలు అదనం. విమాన టికెట్టుపై 25 శాతం, సినిమాలు, ఆటల పోటీల టికెట్లపై 50 శాతం తగ్గింపు. అక్కడ చెల్లేదీ డాలరే. 2000లో డాలరును తెచ్చుకున్న ఈక్వెడార్‌లోనూ క్వెంకా అనే కొండ నగరం ఇలాంటి వాళ్లను ఆకట్టుకుంటోంది.

మెలికలూ ఉన్నాయి

అమెరికా ప్రభుత్వ పింఛను ఈ దేశాల్లో ఉన్నా అందుతుంది. వృద్ధుల వైద్యబీమా మెడికేర్ మాత్రం ఏవో కొన్ని సందర్భాల్లో తప్ప సరిహద్దు దాటదు. ఏ దేశంలో ఉన్నా అమెరికా పౌరుడు సొంత దేశానికి ఆదాయ లెక్కలు చెప్పాల్సిందే. మెక్సికోలో సముద్రతీరానికి 50 కి.మీ., దేశ సరిహద్దుకు 100 కి.మీ. లోపల విదేశీయుడు తన పేరిట నేరుగా స్థలం కొనలేడు. బ్యాంకు ట్రస్టు ద్వారానే ఇల్లు కొనుక్కోవాలి. డాలర్లు వచ్చిపడిన ఊళ్లలో అద్దెలు పెరిగి స్థానికులు ఇబ్బంది పడుతున్నారన్నదీ కాదనలేని మాట.

నొప్పి ఏ భాషలో చెప్పాలి?

వీటన్నిటికీ దారి దొరుకుతుంది. దొరకనిది మాట. అహిహిక్‌లో ఇంగ్లిష్‌తోనే నెట్టుకొచ్చేవాళ్లు తక్కువేం కాదు. అర్ధరాత్రి గుండెలో నొప్పి వస్తే మాత్రం నర్సుకు 'మె దువెలె' అని, అంటే 'నొప్పిగా ఉంది' అని చెప్పగలగాలి. ఎక్కడ, ఎప్పటినుంచి, ఎలాంటి నొప్పి అన్నదీ చెప్పాలి. దుబాసీ వచ్చేదాకా నొప్పి ఆగదు.

మర్యాదలూ నేర్చుకోవాలి. మన 'నువ్వు', 'మీరు' లాగే స్పానిష్‌లో 'తూ', 'ఉస్తెద్' ఉన్నాయి. అందరినీ ఒకే 'యూ'తో పిలిచిన నోటికి ఈ తేడా ఓ పట్టాన పట్టుబడదు. పనివాడు 'మన్యానా' అన్నాడంటే మాటకు అర్థం 'రేపు'. తీరా చూస్తే చాలాసార్లు 'ఇప్పట్లో కాదు' అని. మన ఆఫీసుల్లో 'రేపు రండి' అన్నట్టే!

హోసూరు తెలుగు కుర్రాడు ఆటలాడుకుంటూ తమిళం నేర్చేస్తాడు. బళ్లారి పిల్లకు కన్నడం ఎప్పుడొచ్చిందో గుర్తే ఉండదు. అరవై దాటాక కొత్త భాష నేర్వడం అలా కాదు. రోజూ కూర్చుని బడిపిల్లల్లా వల్లెవేయాలి. అందుకే అనుభవజ్ఞులు చెప్పేది ఒకటే. ఉన్న ఇల్లు అమ్మేయొద్దు. ముందు ఆరు నెలలు అద్దెకుండి, వానాకాలం కూడా చూడండి. సంతలో బేరమాడటం, మందుల షాపులో అడగటం సొంతంగా చేతనయ్యాకే, ఉండాలా వద్దా తేల్చుకోండి.