మేనమామ ఉత్తరం కోసం నాలుగు నెలలు

అబ్రాహాము సేవకుడు ఇస్సాకుకు పిల్లను వెదకడానికి వెళ్లిన సంగతి మనకు సండే స్కూల్ రోజులనుండే తెలుసు. బావి, ఒంటెలు, బంగారు కడియాలు అన్నీ గుర్తుంటాయి. కాని ఆ అధ్యాయం చివర్లో ఉన్న ఒక చిన్న సంగతి చాలామంది గమనించరు. సంబంధం ఖాయమయ్యాక, ప్రయాణం కట్టే ముందు, రిబ్కా ఇంటివాళ్లు ఆమెనే పిలిచి ఆమె ఇష్టమేమిటో అడిగారు (ఆది 24:57,58). మన సంఘాల్లో ఈనాటికీ చాలా ఇళ్లలో శుభలేఖలు అచ్చయ్యాక గాని ఆడపిల్లను అడగరు. బైబిలు మాత్రం అంత పాత కాలంలోనే ఆ ప్రశ్నను జాగ్రత్తగా రాసిపెట్టింది.

1857వ సంవత్సరం మార్చి నెలలో చైనాలోని నింగ్బో పట్టణంలో మరియా డయ్యర్ అనే ఇరవయ్యేళ్ల యువతిని ఎవరూ అలా అడగలేదు. ఆమె తరఫున జవాబు ముందే సిద్ధమైపోయింది. దాన్ని తన చేతిరాతతో రాసివ్వడమే ఆమె పని!

ఉత్తరం రాసిన యువకుడు హడ్సన్ టేలర్. ఆ తర్వాతి కాలంలో చైనా ఇన్‌లాండ్ మిషన్ స్థాపించిన మహా దైవజనుడిగా ఆయన పేరు మనకు తెలుసు. ఆనాటికి మాత్రం ఆయనకు పేరూ లేదు, పట్టా లేదు. వైద్య విద్య మధ్యలో ఆపి, 1854లో షాంఘైలో దిగాడు. మరుసటి ఏడాది తల ముందు భాగం గొరిగించుకుని, వెనక జడ పెట్టించుకుని, చైనావాళ్ల పొడుగు అంగీ తొడుక్కున్నాడు. వీధిలో జనం తన కోటును కాక తన మాటను గమనించాలన్నది ఆయన ఉద్దేశం. కాని అక్కడి తెల్లవాళ్లకది తలవంపులుగా తోచింది. ఇంగ్లండువాడై ఉండి జడ వేసుకోవడమేమిటని ముఖం తిప్పుకునేవారు. దీనికితోడు, తనను పంపిన సంస్థ అప్పులు చేసి నడుస్తోందని, అది వాక్యానికి విరుద్ధమని (రోమా 13:8) 1857లోనే ఆయన దానికి రాజీనామా ఇచ్చాడు. అంటే ఉన్న జీతం కూడా పోయింది. ఇలాంటి అబ్బాయికి మనలో ఎవరైనా పిల్లనిస్తామా?

మరియా సంగతి వేరు. ఆమె ఇంగ్లండువారి బిడ్డే గాని పుట్టింది 1837లో మలక్కాలో. తండ్రి సామ్యూల్ డయ్యర్ లండన్ మిషనరీ సొసైటీ సేవకుడు. చైనా అక్షరాలను లోహంలో పోతపోసి అచ్చుకు అనుకూలంగా మార్చడానికి శ్రమించినవాడు. 1843లో ఆయన, 1846లో తల్లి చనిపోయారు. లండన్‌లోని మేనమామ విలియం టార్న్ ఆ పిల్లలకు సంరక్షకుడయ్యాడు. పదహారో ఏట మరియా తన అక్క బురెల్లాతో కలిసి మళ్లీ ఓడెక్కింది. అక్కాచెల్లెళ్లు నింగ్బో చేరి, మిస్ ఆల్డర్సే నడుపుతున్న బాలికల పాఠశాలలో ఉపాధ్యాయినులుగా చేరారు. మరియా అక్కడి మాండలికం చక్కగా మాట్లాడేది. ఆమెకు చైనా పరాయి దేశం కాదు. జడ వేసుకున్న టేలర్‌లో మిగతా తెల్లవాళ్లకు కనిపించిన తలవంపులు ఆమెకు కనిపించలేదు.

మిస్ ఆల్డర్సే గురించి కూడా నాలుగు మాటలు చెప్పుకోవాలి. టేలర్ జీవితచరిత్రలు చదివినవాళ్లు ఆమెను కఠినురాలిగానే గుర్తుపెట్టుకుంటారు. అది సగమే న్యాయం. రాబర్ట్ మారిసన్ లండన్‌లో ఉన్నప్పుడు ఆయన దగ్గర చైనా భాష నేర్చుకున్న మనిషి ఆమె. చైనా వెళ్లాలని మనసు ఉరకలేస్తున్నా, వదిన చనిపోవడంతో తల్లిలేని పిల్లలను చూసుకోవడానికి ఇంటిపట్టునే ఉండిపోయింది. చివరికి 1837లో బయలుదేరే నాటికి ఆమెకు నలభై ఏళ్లు. 1844లో నింగ్బోలో ఆమె తెరిచిన పాఠశాల చైనాలో ప్రొటెస్టెంట్లు స్థాపించిన మొదటి బాలికల పాఠశాల. కుటుంబ బాధ్యత కోసం తన కోరికను ఏళ్ల తరబడి పక్కనపెట్టిన స్త్రీకి, ఇంకో అమ్మాయిని కూడా అలాగే చేయమనడంలో తప్పేమీ తోచలేదేమో!

ఆమె చెప్పింది చెప్పినట్టే మరియా రాసింది. ఈ సంబంధం అసాధ్యమని, మళ్లీ ఈ ప్రస్తావన తేవద్దని. రాసిన చెయ్యి మరియాదే, మనసు మాత్రం కాదు. టేలర్ అంటే ఆమెకు అప్పటికే ఇష్టం. ఆయన కోసం ప్రార్థిస్తూనే ఉంది.

ఆమె ఇబ్బంది ఎంతటిదో ఆలోచించండి. మిస్ ఆల్డర్సే రక్తసంబంధి కాదు, చట్టప్రకారం సంరక్షకురాలూ కాదు. కాని తల్లిలేని పిల్లను చేరదీసిన పెద్దదిక్కు. ఆ నీడలో ఉంటూ ఆమెను ధిక్కరించడం ఎలా? ఆ చిన్న పట్టణంలో మిషనరీ కుటుంబాలు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని. వాళ్లలో కొందరు పెద్దామె పక్షాన నిలిచి టేలర్‌ను తప్పుపట్టారు. అక్క బురెల్లాకు చర్చి మిషన్‌కు చెందిన జాన్ బర్డన్‌తో అదే ఏడు పెళ్లయింది. చెల్లెలి విషయం మాత్రం రచ్చకెక్కింది.

జూలైలో ఒక ప్రార్థన కూటం రోజున కుండపోత వాన. పల్లకీలు రాక ఇంటికి వెళ్లలేక ఆగిపోయినవాళ్లలో మరియా ఉంది. అక్కడికి వచ్చిన టేలర్, పదిమంది ఎదుటే, లండన్‌లోని మేనమామకు రాయడానికి అనుమతి అడిగాడు. ఆమె సరేనంది. తాను కూడా రాసింది. మిస్ ఆల్డర్సే అప్పటికే టేలర్ మీద ఫిర్యాదులు రాసి పంపింది. ఆ రోజుల్లో లండన్‌కు ఉత్తరం వెళ్లి జవాబు రావాలంటే నాలుగు నెలలు.

ఈ మధ్యలో పెద్దలొక రాజీ సూచించారు. టేలర్ ఇంగ్లండు వెళ్లి చదువు పూర్తిచేసి, హోదా సంపాదించుకుని వస్తే అప్పుడు చూద్దామన్నారు. మనకైతే సబబుగానే తోస్తుంది. మరియా ఇచ్చిన జవాబు చూడండి. సేవకు మరింత ఉపయోగపడటం కోసం వెళ్తే తాను ఎన్నాళ్లయినా ఆగుతానంది. తనను పెళ్లాడటానికి పేరు కావాలని సేవను వదిలి వెళ్తే మాత్రం అలాంటి మనిషితో తనకు పని లేదంది. యేసుకంటె తనను ఎక్కువగా ప్రేమించేవాడు తనకు తగడన్నది ఆమె లెక్క. పెద్దలు అతని హోదాను తూచారు. ఆమె అతని నమ్మకత్వాన్ని తూచింది. ఇరవయ్యేళ్ల పిల్ల!

మరియా అన్ని విషయాల్లో చివరిదాకా ఓపిక పట్టిందని చెప్పడం అతిశయోక్తి. నవంబరు మధ్యలో స్నేహితుల ఇంట్లో టేలర్‌ను కలిసి మాట ఇచ్చేసింది. లండన్ ఉత్తరం అప్పటికింకా అందలేదు. దాన్ని తప్పుపట్టేవాళ్లు పట్టవచ్చు. నాకు మాత్రం ఆమె లేచిపోలేదన్నదే ముఖ్యంగా కనిపిస్తుంది. అధికారం చేతిలోకి తీసుకున్న మనిషికి లొంగిపోలేదు, నిజంగా అధికారం ఉన్న మేనమామను దాటిపోలేదు. పిల్లలు విధేయులై ఉండాలన్న పౌలు 'ప్రభువునందు' అనే మాటను ఊరికే చేర్చలేదు (ఎఫెసీ 6:1).

ఆ నెలాఖరుకు ఉత్తరం వచ్చింది. విలియం టార్న్ ఫిర్యాదులు చదివి ఊరుకోలేదు. టేలర్ ఎలాంటివాడో లండన్‌లో తెలిసినవాళ్ల దగ్గర స్వయంగా విచారించాడు. మంచివాడని తేలడంతో సమ్మతించి, ఇరవై ఒక్కేళ్లు నిండేదాకా ఆగమని మాత్రం కోరాడు. వాళ్లు ఆగారు. 1858 జనవరి 16న ఆమెకు ఇరవై ఒకటి నిండాయి. 20న పెళ్లి జరిగింది. మరియా బూడిదరంగు పట్టు గౌను వేసుకుంది. వరుడు మామూలు చైనా దుస్తుల్లోనే నిలబడ్డాడు.

కాపురం పన్నెండున్నరేళ్లు. నింగ్బో మాండలికంలో కొత్త నిబంధన తర్జుమాకు ఆమె భర్తతో కలిసి పనిచేసింది. 1866లో లామర్‌ముయిర్ ఓడలో కొత్త సేవకుల గుంపుతో చైనాకు తిరిగి వచ్చాక తానూ చైనా స్త్రీల దుస్తులే ధరించింది. మరుసటి ఏడు ఎనిమిదేళ్ల గ్రేస్‌ను పోగొట్టుకుంది. 1868లో యాంగ్జౌలో అల్లరిమూక ఇంటికి నిప్పుపెట్టినప్పుడు, గర్భిణిగా మేడమీదనుండి దూకి కాలికి గాయం చేసుకుంది. 1870 జూలై 23న జెన్‌జియాంగ్‌లో ముప్ఫైమూడో ఏట కన్నుమూసింది.

మిస్ ఆల్డర్సే 1861లో చైనా వదిలి ఆస్ట్రేలియాలోని తన బంధువుల దగ్గరికి వెళ్లిపోయింది. అక్కడ తన ఇంటికి నింగ్బో సమీపంలోని ఒక మిషన్ స్థలం పేరు పెట్టుకుంది.