ఆమిష్ రైతుల కొట్టములు - ఎండుగడ్డి నిలువ



అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమున లాంకాస్టర్ కౌంటీ అను ప్రాంతము కలదు. కౌంటీ యనగా మన జిల్లా వంటిది. ఆమిష్ అను క్రైస్తవ శాఖకు చెందిన రైతులు 18వ శతాబ్దము నుండి అచట సేద్యము చేయుచున్నారు. వీరు విద్యుత్తు తీగలను ఇండ్లకు కలుపుకొనరు. గుర్రములను, కంచర గాడిదలను కట్టి పొలము దున్నుదురు. ఇంతమాత్రమున వీరిని వెనుకబడినవారని తలపవలదు. పాడికి ఆ ప్రాంతము పేరు గన్నది. వారి పాడికి ఆధారము పెద్ద కొయ్య కొట్టము.

ఈ కొట్టమును మెరక వాలునకు ఆనించి కట్టుదురు. అందుచే రెండు అంతస్తులకును నేలమీదనుండియే దారి యుండును. మెరక వైపున గడ్డిబండి తిన్నగా పై అంతస్తులోనికి పోవును. అచట మధ్యను నూర్పిడి కళ్ళము, ఇరుప్రక్కల గడ్డి యుండును. క్రింది అంతస్తులో రాతిగోడల నడుమ ఆవులు, గుర్రములు ఉండును. బండిని పైకి చేర్చుట గుర్రముల పని. మేతవేళకు గడ్డిని నేలలోని కంతగుండా క్రిందికి త్రోసిన చాలును, మోతకూలి లేదు. పల్లపు వైపున పై అంతస్తు కొన్ని అడుగులు ముందుకు చొచ్చుకొని వచ్చి, క్రింది తలుపులకు వాన, మంచు తగులకుండ కాపాడును. ఆ ముఖము సాధారణముగా దక్షిణమునకో ఆగ్నేయమునకో ఉండుటచే చలికాలపు ఎండ పశువుల ముంగిట పడును.

ఇందొక ప్రమాదము కలదు. గడ్డి అంతయు పశువుల నెత్తిమీదనే యున్నది. పచ్చి ఆరని గడ్డిని నిలువచేసిన సూక్ష్మజీవులు పెరిగి వేడి పుట్టించును. వేడి హెచ్చిన కొలది అవి చచ్చినను, రసాయనిక మార్పులవలన వేడి ఇంకను పెరిగి, నిప్పు సోకకయే గడ్డి అంటుకొనును.

కొట్టము కాలినచో ఇరుగుపొరుగు ఆమిష్‌వారు వచ్చి తిరిగి నిలబెట్టుదురు. ఖర్చును సంఘమువారు పంచుకొందురు. ఒక్క దినములో కొట్టము లేచునని చెప్పుకొనుట సగము మాటయే. ఆ దినమున లేచునది కొయ్యచట్రము. పునాది వేయుట, దూలములు కోసి సిద్ధపరచుట అంతకు ముందే జరుగవలెను. పోయిన పశువులను, ఏడాది మేతను ఎవరును నిలబెట్టలేరు.

మన వాములలోను తడిగడ్డి ఇట్లే కాగును. గడ్డిలో తేమ నూటికి 20 పాళ్ళకు మించకుండ ఎండిన పిమ్మటనే నిలువచేయవలెను. వానకు తడిసిన పనలను మేలిగడ్డిలో కలుపరాదు. వేడి ముఖ్యముగా మొదటి ఆరు వారములలో పుట్టును. ఆ కాలమున ఇనుపకడ్డీని వాము నడుమకు గ్రుచ్చి, కొంతసేపుంచి తీసి చూడుడు. చేయి పట్టలేనంత కాలినను, కాగిన బెల్లపు వాసన వచ్చినను జాగ్రత్తపడవలెను. ఉష్ణమాపకమున్నచో మరియు మంచిది. 55 సెంటిగ్రేడు డిగ్రీలు దాటిన ప్రతిదినము రెండుసార్లు చూడవలెను. 65 దాటిన అపాయము. 80 వద్ద లోపల నిప్పు ఉండవచ్చును.

అట్టి వామును తొందరపడి విప్పరాదు, గాలి సోకగానే భగ్గుమనును. దానిపైకి ఎక్కరాదు. లోన కాలి గుల్లయైన చోట మనిషి దిగబడును. ముందు పశువులను దూరముగా కట్టి, అగ్నిమాపక దళమునకు కబురంపి, నీరు సిద్ధమైన తరువాతనే గడ్డిని కదలింపవలెను.